సీమ కొండల మీదుగా వెలుగు కబురు

వెలుగుతో కబురు పంపాలంటే పంపే చోటికీ అందుకునే చోటికీ మధ్య అడ్డు ఉండకూడదు, గాలి తేటగా ఉండాలి. కర్నూలు, కడప ప్రాంతాల నేల ఈ రెండింటికీ అనువైనది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, దక్షిణాన పాలకొండలు, శేషాచలం. వాటి నడుమ కుందూ, పెన్నా పారే పల్లపు నేలలు. పడమటి గుట్టలు చాలావరకు బోడి రాళ్లే, శిఖరాల మీద చెట్టూ చేమా తక్కువ. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ముందే ఆపేయడంతో ఇక్కడ కురిసే వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సేద్యానికి చాలని ఈ వాన చూపుకు మాత్రం మేలు చేసింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒక కొండ మీద నుంచి మరో కొండ కనిపిస్తుంది.

ఎంత దూరం కనిపిస్తుందన్నది ఎత్తును బట్టి ఉంటుంది. భూమి గుండ్రం కనుక చూపు ఒక హద్దు దాటి పోదు. నిలబడ్డ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చిస్తే ఆ హద్దు కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల గుట్ట మీద నుంచి సుమారు 36 కిలోమీటర్లు, 300 మీటర్ల కొండ మీద నుంచి సుమారు 62. అవతల కూడా అంతే ఎత్తు కొండ ఉంటే దూరం రెట్టింపవుతుంది. చుట్టూ ఉన్న మైదానానికి సుమారు 300 మీటర్ల ఎత్తున నిలిచిన గుత్తి కోట, పడమట ఆదోని కొండ, పెన్నా గండి అంచున గండికోట ఈ లెక్కకు అందే చోట్లే. కోటకు కొండను ఎంచుకున్నవాళ్లు శత్రువు ఎక్కలేడని మాత్రమే చూసుకోలేదు, శత్రువు ఎక్కడి నుంచి వస్తున్నాడో ముందే కనబడాలనీ చూసుకున్నారు.

కోటలు దొరలవి. ఊళ్లకు బురుజులు ఉండేవి. 1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించినప్పుడు (దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది, రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టినది) ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను లొంగదీయవలసి వచ్చింది. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతుల్లోనే ఉంది. అలాంటి కాలంలో ఊరి బురుజు కావలి కోసం కట్టినది. పగలు పొగ, రాత్రి కాగడా, దగ్గరైతే తప్పెట. అయితే కొండ మీది మంట ఒక్క మాటే చెప్పగలదు. ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. ఎవరు, ఎంతమంది, ఏ దారిన అన్నది మనిషి గుర్రమెక్కి వచ్చి చెప్పాల్సిందే. వెలుగు దూరం పోతుందని అందరికీ ముందునుంచీ తెలుసు. దాని చేత ఎక్కువ మాటలు పలికించడం ఎలా అన్నదే చిక్కు. ఆ చిక్కు విడటానికి చాలా కాలం పట్టింది.

సీమ కొండల మీద వెలుగును పద్ధతిగా, లెక్కతో వాడినవాళ్లలో సర్వేయర్లది ముందు వరుస. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక సరళరేఖను కొలిచి త్రికోణాల సర్వే మొదలుపెట్టాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కగట్టవచ్చు. ఆ భుజం మీద మరో త్రికోణం, దాని మీద ఇంకొకటి. ఇలా అల్లుకుంటూ పోయిన త్రికోణాల గొలుసు దక్షిణాది నడిబొడ్డున ఉత్తరానికి సాగింది. మధ్యలో తప్పు పేరుకుపోకుండా అక్కడక్కడ నేల మీద మళ్లీ ఒక రేఖను గొలుసుతో కొలిచేవారు. బెంగుళూరు, కోయంబత్తూరు, తిరునెల్వేలి తరువాత 1811లో అలా కొలిచిన చోటు గుత్తి. మొదట్లో వాడిన నూరడుగుల ఉక్కు గొలుసు చైనా చక్రవర్తికి కానుకగా ఓడెక్కి, అక్కడ అక్కరకు రాక మద్రాసు చేరిన వస్తువని చెబుతారు. తంజావూరు మైదానంలో గుడి గోపురాలెక్కి కొలవాల్సి వచ్చిన సర్వేకు గుత్తి, ఆదోని వైపు కొండలు తయారుగా దొరికాయి. అక్కడి నుంచి త్రికోణాల గొలుసు తుంగభద్ర, కృష్ణ దాటి బీదరు వైపు పోయింది.

కోణం కొలవాలంటే థియోడలైట్ దుర్భిణి ఎదుటి కొండ మీది గుర్తును సూటిగా పట్టుకోవాలి. గుర్తు అంటే తొలినాళ్లలో జెండానో, పాతిన గడెనో. 40, 50 కిలోమీటర్ల దూరంలోని జెండా ఎండాకాలం మధ్యాహ్నం కనబడదు. కనబడినా నిలవదు. కాలిన నేల మీది గాలి పొరలు పొరలుగా కదలడంతో దుర్భిణిలో జెండా ఎగిరెగిరి పడుతుంది. ఎండమావికి కారణమైనదే దీనికీ కారణం. దుమ్ము, సెగ లేని కాలం వానాకాలం. అందుకే లాంబ్టన్ బృందం వానల్లో పని చేసేది. ఆ పద్ధతికి ప్రాణాలతో మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ బృందం మొత్తం మన్యపు జ్వరాలతో మంచం పట్టింది.

ఎవరెస్ట్ పద్ధతి మార్చాడు. 1823లో లాంబ్టన్ చనిపోయాక సర్వే అతని చేతికి వచ్చింది. ఇంగ్లండు వెళ్లి కొత్త పరికరాలతో 1830లో తిరిగి వచ్చాక పగటిపూట హీలియోట్రోప్, రాత్రిపూట వెనక అద్దం అమర్చిన దీపం సర్వేకు మామూలు సాధనాలయ్యాయి. హీలియోట్రోప్ 1821లో జర్మన్ గణితవేత్త గౌస్ కనిపెట్టినది. చిన్న అద్దంతో సూర్యుడి వెలుగును ఎదుటి కొండకు సూటిగా తిప్పడమే దాని పని. సూర్యుడు కదిలేకొద్దీ అద్దాన్ని కదుపుతూ ఖలాసీ ఒకడు గుట్ట మీద రోజంతా కూర్చోవాలి. రాత్రి దీపాలతో మరో మేలు జరిగింది. చల్లబడ్డ నేల మీది గాలి కాంతిని కొద్దిగా కిందికి వంచుతుంది. పగలు అంచు కింద దాగిన చోటు రాత్రి దీపమై పైకి తేలుతుంది. దీంతో వానాకాలపు సర్వే పొడి కాలానికి మారింది. దుమ్ములోంచీ చొచ్చుకు రాగల వెలుగు దొరికాక జ్వరాల కాలంలో అడవిలో ఉండాల్సిన పని లేకపోయింది. హిమాలయాల కథలో ఎవరెస్ట్ పేరు మోగిపోయింది కానీ, ఈ పాఠం అతనికి మొదట నేర్పింది దక్కను నేలే.

హీలియోట్రోప్ నిలకడగా వెలిగేది. దాన్ని ఆపి ఆపి చూపిస్తే అక్షరాలవుతాయన్న ఆలోచన పనిలోకి రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. పర్షియన్ గల్ఫ్ తంతి శాఖలో కరాచీలో పనిచేస్తున్న హెన్రీ క్రిస్టఫర్ మాన్స్ 1869 ప్రాంతంలో అద్దానికి మీట తగిలించి హీలియోగ్రాఫ్ చేశాడు. మీట నొక్కితే అద్దం కొద్దిగా వంగి వెలుగు ఎదుటివాడి కంట్లో పడుతుంది, వదిలితే తప్పుతుంది. పొట్టి మెరుపు, పొడుగు మెరుపు. మోర్స్ అక్షరమాలకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అయిదంగుళాల అద్దంతో మామూలు కంటికే 50 కిలోమీటర్ల దాకా కబురు అందేది. 1878 నాటి అఫ్ఘాన్ యుద్ధంలో ఈ పరికరం పేరు తెచ్చుకుంది. వేగం నిమిషానికి పదేసి మాటలు. దీనికి తీగ, బ్యాటరీ, కట్టె బొగ్గు ఏవీ అక్కర్లేదు. శత్రువు దారిలో తెంపడానికి కూడా ఏమీ ఉండదు. సూర్యుడి వెలుగు సహజంగానే అర డిగ్రీ మేర విచ్చుకుంటుంది కనుక 50 కిలోమీటర్ల అవతల ఆ మెరుపు సుమారు 460 మీటర్ల వెడల్పున పడుతుంది. అంటే గురి కొంచెం తప్పినా పరవాలేదు. కానీ ఆ 460 మీటర్లలో ఉన్న వాడెవడైనా కబురు చదివేయవచ్చు. ఈ రెండు సంగతులూ లేజర్ కాలానికి తారుమారవుతాయి.

సీమలో మాత్రం అప్పటికే తీగ వచ్చేసింది. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. పట్టాల వెంట తంతి స్తంభాలు నడిచాయి. వెలుగు కొండ దిగి రైలు స్టేషన్లో చేరింది. సిగ్నల్ చేయి పక్కన ఎర్ర అద్దం, లోపల కిరసనాయిలు దీపం, గార్డు చేతిలో రంగు మార్చే లాంతరు. గుంతకల్లు యార్డులో తరతరాల రైల్వే కుటుంబాలు చదివిన వెలుగు భాష ఇదే. ఆపు, పో అన్న రెండు మాటలు. కొండ మీది మంట కంటే ఒక్క మాట ఎక్కువ.

అదే కాలంలో వెలుగు చేత మనిషి గొంతే పలికించినవాడు టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. 1880లో వాషింగ్టన్‌లో బెల్, అతని సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ ఫోటోఫోన్ అనే పరికరాన్ని పరీక్షించారు. మాట తగిలి వణికే పలచని అద్దం మీద సూర్యకాంతి పడి తానూ వణుకుతుంది. అవతల సెలీనియం కణం ఆ వణుకును మళ్లీ ధ్వనిగా మారుస్తుంది. 213 మీటర్ల దూరం మాట వినబడింది. బెల్ దీన్ని టెలిఫోను కంటే గొప్పదనుకున్నాడు. మబ్బు వస్తే మూగబోయే ఫోను ఎవరికి కావాలి? ఆ ఆలోచనకు రెండు వస్తువులు తక్కువయ్యాయి: ఎప్పుడూ ఒకేలా వెలిగే సన్నని కాంతి, దాన్ని నష్టం లేకుండా మోసే దారి. లేజర్ 1960లో, వాడుకకు తగిన గాజు ఫైబర్ 1970లో వచ్చాయి. మధ్యలో ఎనభై ఏళ్లు రేడియోవే.

రేడియోకు వెలుగు కంటే ఒక సుగుణం ఎక్కువ, అది కొండ చాటుకూ పోతుంది. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. ఆ తరంగం పొడవు 333 మీటర్లు. అంత పొడుగు అలకు గుట్టలు, మిద్దెలు పెద్ద అడ్డు కావు. రాత్రివేళ పైవాతావరణం తగిలి వెనక్కి రావడంతో జిల్లాలు దాటి వినబడుతుంది. అయితే అదే గుణం రేడియోకు ఇరుకు తెచ్చిపెట్టింది. దూరం పోయే అల పక్కవాడి అలతో కలబడుతుంది. మీడియం వేవ్‌లో 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో చూస్తే ఉన్నవి 120 గదులే. ఒక గదిలో ఒకడుంటే ఆ చుట్టుపక్కల మరొకడు చేరకూడదు. ఈ పంపకం చూడటానికే దేశంలో 1952 నుంచి వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఉంది. ఈ గదుల వరుసనే స్పెక్ట్రమ్ అంటారు. ఆ మాట పత్రికల్లోకి రాకముందే స్పెక్ట్రమ్ కొరత ఉంది.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ గదులకు ధర వచ్చింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో, బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో చెప్పింది. ఆ ఆస్తిని వేలం లేకుండా పంచినందుకే 2012 ఫిబ్రవరి 2న అదే కోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2010 నాటి 3జీ వేలంలో ప్రభుత్వానికి వచ్చింది సుమారు 67,700 కోట్ల రూపాయలు. 2022 నాటి 5జీ వేలంలో 1,50,173 కోట్లు. ఆ వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండుకు దేశం మొత్తానికి పెట్టిన కనీస ధర ఒక్కో మెగాహెర్ట్జ్‌కు 3,927 కోట్లు. వేలం లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ అన్న ఒకే సర్కిల్. కర్నూలు జిల్లా ఆలూరు ఊరి బయట మిద్దెక్కి సిగ్నల్ వెతుక్కునేవాడూ, హైదరాబాదు ఐటీ ఉద్యోగీ స్పెక్ట్రమ్ ధర దగ్గర ఒకే గంపలోని వాళ్లు. రాబడి మాత్రం హైదరాబాదులో వస్తుంది, టవర్ల ఖర్చు ఆలూరులో పెరుగుతుంది.

కొరత అంటే ఫోనుకూ టవరుకూ మధ్య ఉన్నది మాత్రమే కాదు. టవరు తాను పోగుచేసిన మాటలన్నిటినీ ఊరి నుంచి పట్నానికి చేర్చాలి. పల్లెల్లో చాలా టవర్లకు ఆ పని చేసేది మరో రేడియో: టవరు మెడ దగ్గర బిగించిన గుండ్రని మైక్రోవేవ్ డిష్. దానికీ స్పెక్ట్రమ్ కావాలి, దానికీ అనుమతి కావాలి. ఫోన్ల వాడకం పెరిగేకొద్దీ డిష్‌ల దారీ ఇరుకవుతుంది. వెలుగు మళ్లీ రంగంలోకి వచ్చింది సరిగ్గా ఇక్కడే.

వెలుగు కూడా రేడియో లాంటి అలే, కాకపోతే చాలా పొట్టిది. ఫైబర్లలో వాడే 1,550 నానోమీటర్ల పరారుణ కాంతి సుమారు 1,93,000 గిగాహెర్ట్జ్ లెక్కన కంపిస్తుంది. ఆ చుట్టుపక్కల 1,530 నుంచి 1,565 నానోమీటర్ల దాకా ఉన్న ఒక చిన్న ముక్క వెడల్పే సుమారు 4,400 గిగాహెర్ట్జ్. దేశంలో 5జీకి ఆయువుపట్టయిన 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండులో వేలానికి పెట్టింది 370 మెగాహెర్ట్జ్; ఆ చిన్న ముక్క దీనికి సుమారు 12 వేల రెట్లు. దారి వెడల్పు పెరిగేకొద్దీ మోయగల కబురు పెరుగుతుందని 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ లెక్కగట్టి చూపాడు. పైగా సన్నని కాంతి పుంజం పక్క పుంజానికి తగలదు కనుక ఒకే రంగును నూరు కొండల మధ్య నూరుసార్లు వాడుకోవచ్చు.

వెలుగును ఫైబర్లో పెట్టి పంపడం ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరికీ మొదలైంది 2015 తరువాత. రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ కేబుల్‌ను భూమిలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తవ్వకం ఖర్చు, అనుమతుల జాప్యం తప్పించడానికి చేసిన యుక్తి ఇది. 20 వేల కిలోమీటర్లకు పైగా అలా లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ సేవను ప్రారంభించినప్పుడు ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. స్తంభం ఉన్న చోటికల్లా తీగ పోయింది. కానీ నల్లమల లోపలి గూడేలకు, పులుల అభయారణ్యం గుండా స్తంభాలు వేయడం తేలిక కాదు. కడప వైపు లంకమల అడవుల్లో తవ్వకం ఇంకా కష్టం; అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనిపించాక అక్కడ కాలువ తవ్వకమే వివాదమైంది. లోయలు, ఏళ్లు, అడవులు, రైలు దారులు: తీగ ఆగిపోయే చోట్లు సీమలో చాలా ఉన్నాయి.

2017 డిసెంబరులోనే గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ అనే పరిశోధన విభాగం, ఫైబర్‌నెట్‌తో కలిసి రాష్ట్రంలో 2,000 కాంతి లింకులు పెడతామని ప్రకటించింది. రాష్ట్రంలో కోటీ 20 లక్షల ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వాలన్న పథకంలో ఫైబర్ పోలేని ఖాళీలను పూడ్చడం ఈ లింకుల పని. ఒక్కో లింకు 20 కిలోమీటర్ల దాకా, సెకనుకు 20 గిగాబిట్ల దాకా మోయగలదని చెప్పారు. దీన్ని ఆకాశ కాంతి సమాచారం అనవచ్చు. ఫైబర్‌లోని వెలుగునే గాజు తొడుగు విప్పి గాలిలో వదలడం. ఈ పరిజ్ఞానం బెలూన్ల నుంచి పుట్టింది. ఎక్స్ వాళ్ల లూన్ పథకంలో 20 కిలోమీటర్ల ఎత్తున తేలే బెలూన్లు ఒకదానితో ఒకటి కాంతితో మాట్లాడుకునేవి. అంత పైన మబ్బు లేదు, దుమ్ము లేదు. ఆ పెట్టెను కిందికి దించి టవరెక్కిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు పరీక్షా స్థలాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటైంది. బెలూన్ల పథకం 2021లో మూతపడింది. కాంతి పెట్టెల పథకం తార అన్న పేరుతో నిలిచింది. చెన్నైలో పెరిగిన మహేశ్ కృష్ణస్వామి దాన్ని నడిపాడు. ఆ పేరుకు అర్థం తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ 20 కిలోమీటర్ల దూరానికీ పాత సర్వేయర్ల లెక్కే వర్తిస్తుంది. 30 మీటర్ల టవర్లు రెండు 20 కిలోమీటర్ల ఎడంలో ఉంటే మధ్యలో భూమి ఉబ్బు సుమారు 8 మీటర్లు. అంటే కాంతి నడిదారిలో నేలకు 22 మీటర్ల ఎత్తున పోతుంది. వేపచెట్లను, మిద్దెలను దాటిపోతుంది. ఇక గురి సంగతి. హీలియోగ్రాఫ్ మెరుపు వందల మీటర్లు విచ్చుకుంటే, ఈ పుంజాన్ని 10 కిలోమీటర్ల అవతల అయిదు సెంటీమీటర్ల గురికి కొట్టాలి. నైరుతి గాలికి టవరు కొస డిగ్రీలో పదోవంతు ఊగినా 20 కిలోమీటర్ల దూరాన పుంజం 35 మీటర్లు పక్కకు పోతుంది. పెట్టెలోని చిన్న అద్దాలు ఆ ఊపును క్షణక్షణం పసిగట్టి ఎదురు కదిలి గురి నిలబెడతాయి. ఎవరెస్ట్ కాలంలో గుట్ట మీద ఎండలో కూర్చుని అద్దం తిప్పిన ఖలాసీ పని ఇప్పుడు మోటారుది. పుంజం అంత సన్నం కనుక దారిలో మరొకడు దొంగిలించి వినడం కష్టం.

ఈ పుంజానికి వాన కంటే పొగమంచు పెద్ద శత్రువు. మంచు బిందువుల పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది. గాలిలో అవి కోట్లలో ఉంటాయి. వాన చినుకులు పెద్దవి, కానీ ఎడమెడంగా పడతాయి. దట్టమైన మంచులో కిలోమీటరుకు నూరు డెసిబెల్లకు పైగా కాంతి పోతుంది, తేట గాలిలో పోయేది ఒక డెసిబెల్ కూడా ఉండదు. చాలా పొట్టి రేడియో అలలది ఇందుకు తలకిందుల గుణం, వాటిని వాన చంపుతుంది, మంచు ఏమీ చేయదు. అందుకే రెండింటినీ జోడించి, ఒకటి మూగబోతే మరొకటి అందుకునేలా పెట్టడం ఈ రంగంలో మామూలు. పొగమంచు తక్కువైన సీమ ఈ లెక్కలో మంచి చోటే. కానీ ఇక్కడి పగటి సెగ తక్కువ శత్రువు కాదు. వేసవిలో కర్నూలు, కడప పట్టణాల్లో 42, 43 డిగ్రీలు మామూలు మాట. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి, ఎర్రగుంట్ల వైపు కడప బండ పరచుకున్న నేల కాలి, దాని మీది గాలి వణికితే పుంజం చెదిరి మెరుపు మినుకుమినుకుమంటుంది. లాంబ్టన్ దుర్భిణిలో జెండాను ఎగిరిపడేలా చేసిన గాలే ఇది. విరుగుడు కూడా పాతదే, వీలైనంత ఎత్తున పోవడం. గాలిలో దుమ్ము, మబ్బు పొరలను కాంతితోనే కొలిచే లైడార్ ఒకటి తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1998 నుంచి పనిచేస్తోంది. అక్కడ కాంతి చెదిరితేనే సమాచారం, కాంతి లింకులకు చెదిరితే నష్టం.

తరువాత ఈ పెట్టెలు ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఆఫ్రికాలో. కాంగో నదికి ఇరుపక్కల ఉన్న బ్రాజవిల్, కిన్‌షాసా నగరాల మధ్య గాలిలో దూరం 5 కిలోమీటర్ల లోపే. కేబుల్ వేస్తే 400 కిలోమీటర్లకు పైగా చుట్టూ తిరగాలి. 2021లో అక్కడ పెట్టిన లింకు 20 రోజుల్లో 700 టెరాబైట్లు మోసింది, నూటికి 99.9 పాళ్ల సమయం నిలిచింది. కృష్ణ లోతైన గండిలో పారే శ్రీశైలం దగ్గర ఇవతలి గట్టు, అవతలి గట్టు ఎదురెదురుగా కనిపిస్తూనే రోడ్డు దారిలో ఎంత ఎడమో తెలిసినవారికి ఈ లెక్క వింతగా తోచదు. 2023లో భారతీ ఎయిర్‌టెల్ తారతో చేయి కలిపింది. 2025లో తార ఆల్ఫాబెట్ నుంచి బయటికి వచ్చి సొంత సంస్థ అయింది. అద్దాలు, మోటార్ల పనిని వేలి గోరంత సిలికాన్ చిప్‌కు అప్పగించే ప్రయత్నాన్ని అదే ఏడాది ప్రకటించింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి రక్షణ పరిశోధన సంస్థ పరీక్షా క్షేత్రంలో కాంతితో మరో పని జరిగింది. 30 కిలోవాట్ల లేజర్‌తో గాలిలో ఎగిరే డ్రోన్లను కూల్చారు. దాని అక్కర వేరు, శక్తి వేరు. కానీ వేడి గాలి గుండా కదిలే గురి మీద పుంజాన్ని నిలబెట్టడమన్న చిక్కు రెండింటికీ ఒకటే.

ఇంటి లోపలికి వెలుగుతోనే ఇంటర్నెట్ తెచ్చే మార్గం వేరే ఉంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆచార్యుడు హరాల్డ్ హాస్ 2011లో ఒక ఎల్‌ఈడీ బల్బు వెలుగులోంచి వీడియో పంపి చూపించాడు. కంటికి తెలియనంత వేగంగా బల్బును ఆర్పి వెలిగించడమే అందులో కిటుకు. దానికి లైఫై అన్న పేరు స్థిరపడింది, 2023లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. గోడ దాటని వెలుగు కనుక పక్క గదిలోని మరో లైఫైతో పేచీ లేదు. కానీ జేబులో పెట్టుకున్న ఫోనుకు ఆ వెలుగు అందదు.

చట్టంలో వెలుగు స్థానం విచిత్రమైనది. 1885 నాటి భారత తంతి చట్టం, తరువాతి సవరణలతో, కంటికి కనబడే సంకేతాలతో కబురు పంపే సాధనాన్ని కూడా టెలిగ్రాఫ్‌గానే లెక్కించింది. రేడియో అలలకు మాత్రం 3,000 గిగాహెర్ట్జ్ లోపువి అని హద్దు గీసింది. అంతర్జాతీయ టెలికాం సంఘం నియమాల్లోనూ అదే హద్దు. 1,93,000 గిగాహెర్ట్జ్ దగ్గర కంపించే కాంతి ఆ గీతకు ఎంతో పైన ఉంది. సేవలు అమ్మే కంపెనీకి లైసెన్సు తప్పదు కానీ, కొండ నుంచి కొండకు పోయే పుంజం రంగుకు వేలం లేదు, మెగాహెర్ట్జ్‌కు ఇంత అన్న ధర లేదు. టవరు నుంచి టవరుకు పోయే బరువు వెలుగు మీద పడితే, డిష్‌ల కోసం కట్టిపెట్టిన రేడియో దారి ఖాళీ అవుతుంది. టవరు నుంచి చేతిలోని ఫోను దాకా ఉన్న చివరి దూరం మాత్రం, మిద్దె మీదైనా చేను గట్టు మీదైనా, ఇంకా రేడియోదే.